ఎడమచేతి వెల

సింగవరం రాజుగారికి ఒకరోజు పొద్దున్నే అనుమానం వచ్చింది, తన రాజ్యంలో దెబ్బలు తగిలినవాళ్లు మరీ బాగుపడిపోతున్నారేమోనని. న్యాయాధికారులు ఇప్పించిన పరిహారాలన్నీ కొలువులో మళ్లీ విచారించాలని ఆజ్ఞ వేశారు. ఆ పని మంత్రి సోమనప్రెగడకు అప్పగించారు. కోత పెట్టడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు.

మొదటి పేరు నేతగాడు భావనయ్యది. ఊరేగింపులో రాజుగారి ఏనుగు బెదిరి తొక్కితే అతని ఎడమచెయ్యి మణికట్టు దాకా పోయింది. బతికినన్నాళ్లూ ఏటా ఆరు పుట్ల వడ్లు ఇమ్మని న్యాయాధికారి తీర్పు. మగ్గం మూలపడ్డ ఇంట్లో నలుగురు పిల్లలకు ఆ వడ్లే తిండి.

ప్రెగడ అతణ్ణి ఎగాదిగా చూశాడు. తినే చెయ్యి, పనిచేసే చెయ్యి భద్రంగానే ఉందనీ, పోయింది ఉత్త తోడుచెయ్యేననీ తేల్చాడు. ఆరు పుట్లు ఒక పుట్టి అయ్యాయి. రాజుగారు మీసం దువ్వుకున్నారు.

కొలువులో గొంకన్న అని ఒకడున్నాడు. రాజుగారికి తాంబూలం అందించడం అతని ఉద్యోగం, అడక్కపోయినా మాట అందించడం అలవాటు. ఈ తీర్పు విని అతనికి ఒళ్లు మండింది. మొహంలో మాత్రం వినయమే కనబడింది.

"ప్రెగడగారి తీర్పు దివ్యంగా ఉంది, ప్రభూ. మార్చిన తీర్పు మార్చినవారే స్వయంగా రాయాలని మన ఆచారం కదా. దానికి మాత్రం తోడుచెయ్యి ఎందుకు?"

సరదాగా ఉంటుందని రాజుగారు తలూపారు. తన మాట తానే కాదనలేక ప్రెగడ ఒప్పుకున్నాడు. గొంకన్న ఆయన ఎడమచేతిని ఉత్తరీయంతో నడుముకు కట్టేశాడు.

ప్రెగడ ధీమాగా గంటం అందుకున్నాడు. తాటాకు మీద రాయాలంటే ఆకును ఎడమచేత్తో పట్టాలి, ఆ చేతి బొటనవేలితోనే గంటాన్ని తొయ్యాలి. పట్టే చెయ్యి లేక ఆకు జారిపోయింది. రెండోదాన్ని మోకాలి కింద నొక్కితే చీలింది. మూడోది ఎగిరి రాజుగారి ఒళ్లో పడింది. రాజుగారు నవ్వారు గనక సభంతా నవ్వింది. భావనయ్య నవ్వలేదు, ఆ తిప్పలు అతనికి కొత్త కాదు.

చెమటలు పట్టిన ప్రెగడ ఇక కట్టు విప్పమన్నాడు.

"విప్పుతాను. ముందు ఆ చేతి వెల చెప్పండి," అన్నాడు గొంకన్న.

ప్రెగడ రాజుగారి వైపు చూశాడు. ఆయనా జవాబు కోసమే చూస్తున్నారు.

"ఆరు పుట్లు," అన్నాడు ప్రెగడ.

"ఏనుగు నాది కాబట్టి పన్నెండు రాయి. రెండు చేతులతో," అన్నారు రాజుగారు.

గొంకన్నకు బహుమానంగా తన కుడిచేతి ఉంగరం ఇవ్వబోయారు. అది తియ్యడానికి ఆయనకూ ఎడమచెయ్యి కావలసి వచ్చింది. సభ మళ్లీ నవ్వింది. ఈసారి భావనయ్య కూడా నవ్వాడు.