తీతు మూడో పిలుపు

అనగనగా, గోదారికి వంతెన అంటే ఏమిటో తెలియని కాలంలో, సముద్రానికి దగ్గర్లో ఒక లంక. ఆ లంక రేవులో తీతు అనే పడవవాడు. ఇల్లు లేదు, పొలం లేదు. ఉన్నదల్లా లంకవాళ్లు అప్పజెప్పిన పడవ, చేతిలో పడవ తోసే గెడ.

లంకవాళ్ల గుడి అవతలి ఒడ్డున. క్రిస్మస్ ముందు ఆదివారాల్లో గోదారంతా పొగమంచే. అందరూ ఎక్కాక, తీతు, పడవ ముందు వైపు కూర్చునే పలక ఒకటి ఖాళీగా ఉంచి మంచులోకి పిలిచేవాడు.

"ఇంకెవరైనా ఉన్నారా?"

ఆగేవాడు. మళ్లీ పిలిచేవాడు. ఆగేవాడు. మూడోసారి కూడా పిలిచి, ఆగి, అప్పుడే గెడ వేసేవాడు.

"ఎవరి కోసం తీతూ? పెళ్లికూతురు గానీ వస్తందా?" అని ఆడవాళ్లు నవ్వేవారు.

"ప్రభువు వస్తానన్నాడు కదమ్మా. ఏ రేవులో ఎక్కుతాడో చెప్పలేదు."

ఒక ఏడు సంఘపెద్ద జెకర్యాకి విసుగొచ్చింది. "ఏటా నీ వల్లే ప్రార్థనకి ఆలస్యం. ఇయ్యాల మూడోది పిలిచావో, రేపట్నించి ఈ గెడ ఇంకొకడిది."

గెడ పోతే తీతుకి కూడు పోయినట్టే. ఒకసారి పిలిచాడు. పలుకు లేదు. రెండోసారి పిలిచాడు. పలుకు లేదు. గెడ వైపు చూశాడు. ఖాళీ పలక వైపు చూశాడు.

మూడోసారి పిలిచాడు.

"ఉన్నానయ్యా" అంది మంచులోంచి సన్నటి గొంతు.

తీతు ఆ గొంతు వైపు పడవ తోశాడు. నది నడుమ ఇసుక తిప్ప మీద గాజులమ్మే ముసలావిడ. నీళ్లు తగ్గినప్పుడు నడిచి దాటబోయి మంచులో దారి తప్పింది. ఇప్పుడు పోటు నీరు నడుం దాకా వచ్చేసింది. గంప ఇంకా నెత్తి మీదే ఉంది.

"ముందే పలకొద్దా అమ్మా?" అన్నాడు తీతు, పడవలోకి లాగుతూ.

"అరిచి అరిచి ఆశ వదులుకున్నా నాయనా. నువ్వు మొదటిసారి పిలిస్తే భ్రమ అనుకున్నా. రెండోసారికి గొంతు పెగల్లేదు."

జెకర్యా తన కండువా తీసి ఆమెకి కప్పి, ఖాళీ పలక మీద కూర్చోబెట్టాడు. మర్నాడు గెడ తీతు చేతిలోనే ఉంది.

చాన్నాళ్లకు, మళ్లీ ఆ ఆదివారాల్లోనే, తీతు కన్నుమూశాడు. శవపెట్టె పడవలో పెట్టి కదలబోతే ముసలి జెకర్యా "ఆగండి" అన్నాడు. మంచు వైపు తిరిగి మూడుసార్లు పిలిచాడు. పలుకు రాలేదు. తొందరపెట్టినవాళ్లూ లేరు.

ఇప్పుడక్కడ వంతెన ఉంది, పడవ లేదు. అయినా ఆ ఆదివారాల్లో గుడి తలుపు మూసేముందు ఒకరు గుమ్మంలో నిలబడి బయటికి పిలుస్తారు. లోపల ముందు వరసలో ఒక చాప ఖాళీగా ఉంటుంది. పిల్లలు ఓపిక పట్టలేక "ఎవరూ రారులే" అంటే, పెద్దవాళ్లు మెల్లగా చెబుతారు.

"ఉండండి. మూడోది ఇంకా పిలవలేదు."