త్రిలోచన పండితుడి మామిడిచెట్టు

కలువగట్టు మహారాజుకి ఒకరోజు ఉయ్యాల ఊగాలనిపించింది. మామూలు ఉయ్యాల కాదు, నలుగురు కూర్చునే కర్ర ఉయ్యాల.

కలువగట్టు ఉన్నది కంప్యూటర్లో. నలభైమంది ఆటగాళ్ళు కట్టుకున్న రాజ్యం అది. మహారాజుకి బయట సిమెంటు కొట్టు ఉంది, లోపల సింహాసనం ఉంది. ఆట నడిచే సర్వరు ఆయనదే కాబట్టి ఆ సింహాసనం గురించి ఎవరూ పేచీ పెట్టలేదు.

“కలప తెండి,” అన్నాడు మహారాజు.

ఒక్కరూ కదల్లేదు. ఉన్న చెట్లన్నీ ఎప్పుడో కొట్టేసుకున్నారు. కొత్తవి పెరగడం లేదు.

ఆ పుణ్యం ఆస్థాన పండితుడు త్రిలోచనుడిది. ఒకప్పుడు మొక్క నాటి అటు వెళ్ళి ఇటు వచ్చేసరికి చెట్టయ్యేది. “ఇది ప్రకృతికి అవమానం” అంటూ ఆయన ఆటకి ఒక మోడ్ తగిలించాడు. మోడ్ అంటే అసలు ఆటకి పైనుంచి కలిపే కొత్త నియమాలు. వాటి ప్రకారం మొక్క చుట్టూ ఏడడుగుల మేర ఏమీ ఉండకూడదు. నేల తడిగా ఉండాలి, బురద కాకూడదు. పక్కన దీపం ఉంటే మొక్క అలుగుతుంది. కోడి నడిచివెళ్తే బెదురుతుంది. ఎవరో ఒకరు దగ్గరే నిలబడి కాపలా కాయాలి. ఇన్నీ కుదిరాక కూడా పెరగాలా వద్దా అన్నది దాని ఇష్టం.

ఒక్క ఆజ్ఞ టైప్ చేసి ఏదైనా సృష్టించే అధికారం పండితుడికుంది. దాన్ని ఎప్పుడూ వాడనని నిండు సభలో ప్రమాణం కూడా చేశాడు.

తోటల అధికారిణి పైడమ్మ ఆ నియమాలన్నీ పాటించి నలభై ఒక్క మొక్కలు నాటింది. నలభై ఒక్కటీ ఎండిపోయాయి.

“మొక్కలది కాదు తప్పు, నాటిన చేతులది,” అనేవాడు పండితుడు ప్రతిసారీ.

ఆరోజూ అదే అన్నాడు. అని ఊరుకోలేదు. “కలప లేకేం మహారాజా? పైడమ్మ ఇల్లంతా టేకే కదా!” అన్నాడు.

బయట పగలంతా మిషను మీద బట్టలు కుట్టి, పైడమ్మ రెండేళ్ళపాటు సాయంత్రాలు కూర్చుని, చెక్క మీద చెక్క పేర్చి కట్టుకున్న మేడ అది. చూరు కింద చిలకల్ని చెక్కడానికే నెల పట్టింది.

మహారాజు దయగలవాడు. “రేపు మధ్యాహ్నంలోగా ఒక్క చెట్టు పెంచి చూపించు పైడమ్మా. లేదంటే ఇల్లు విప్పేద్దాం,” అన్నాడు.

పైడమ్మకి ఏడుపొచ్చింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. నియమాలు రాసినాయన ఒక్క మొక్కైనా నాటగా తనెప్పుడైనా చూసిందా? చూడలేదు. మరి ఆయనకి ఆ కష్టం తెలిసేదెలా?

మర్నాడు పొద్దున్నే ఒక మొక్క పట్టుకుని సభకి వచ్చింది.

“మహారాజా, నా చేతులు మంచివి కావని పండితులవారే సెలవిచ్చారు. ఈ చేతులతో నలభై రెండోదాన్ని కూడా చంపడం దేనికి? వారినే నాటమనండి. రాజ్యమంతా చూసి నేర్చుకుంటుంది. అదీ పెరక్కపోతే నా ఇల్లు ఎలాగూ ఉంది.”

“బాగుంది! కానివ్వండి పండితా,” అన్నాడు మహారాజు.

త్రిలోచనుడు లేచి మీసం దువ్వుకున్నాడు. మొక్క అందుకున్నాడు గానీ దానివంక చూడలేదు, తనని చూస్తున్నవాళ్ళని చూసుకున్నాడు. తోట మధ్యలో నాటి, నీళ్ళు పోసి, ఉపన్యాసం మొదలుపెట్టాడు.

గంట గడిచింది. మొక్కలో మార్పు లేదు.

“ఆకుల నిగారింపు చూశారా? నా నియమాలు దానికి ఒంటబట్టాయి,” అన్నాడు.

రెండు గంటలు గడిచాయి. ఉపన్యాసం కూడా అయిపోయింది.

“ఇంతమంది ఊపిరి మొక్కకి పడదు. అందరూ కోట అవతలికి వెళ్ళాలి,” అన్నాడు పండితుడు.

“ఆ నియమం ఎప్పుడు రాశారు?” అన్నాడు మహారాజు.

“ఇప్పుడే, మహారాజా.”

అందరూ వెళ్ళారు. మధ్యాహ్నానికి తిరిగొచ్చేసరికి తోట మధ్యలో కోట బురుజంత మామిడిచెట్టు! పూతా కాయా ఒకేసారి ఉన్నాయి.

“పద్ధతిగా చేస్తే ఇంతే మహారాజా. కాస్త ఓపిక ఉండాలి,” అన్నాడు పండితుడు.

పైడమ్మ ముందుకొచ్చి ఆయనకి దణ్ణం పెట్టింది.

“వారి చేతి మహిమ అంతా ఇంతా కాదు మహారాజా. నేను తెచ్చింది అసలు మొక్కే కాదు. తమరి సామాన్ల గదిలో, కుర్చీల పక్కన అలంకారానికి పెట్టిన ప్లాస్టిక్ మొక్క.”

అక్కడ నోరు మూసుకుంటే త్రిలోచనుడు ఎంతో కొంత గట్టెక్కేవాడు. కానీ ఆయనకి ఆ అలవాటు లేదు.

“అదే కదా నేను చెప్పేది! నా నియమాలు పాటిస్తే ప్లాస్టిక్ మొక్క కూడా పెరుగుతుంది!”

పైడమ్మ మహారాజు వైపు తిరిగింది.

“అయితే మహారాజా, అదే గదిలో పాత కుర్చీలు పన్నెండున్నాయి. వాటినీ వారి చేతే నాటించి నీళ్ళు పోయించండి. టేకు కుర్చీలు టేకుచెట్లవుతాయి. ఇక నా ఇంటి జోలికి రానక్కర్లేదు!”

నలభైమంది నవ్వు హెడ్‌ఫోన్లలో ఒక్కసారిగా మోగింది. మహారాజు నవ్వి నవ్వి మౌస్ వదిలేయడంతో, సింహాసనం మీది రాజు కాసేపు గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

తేరుకున్నాక మూడు ఆజ్ఞలు ఇచ్చాడు. దొంగతనంగా మొలిపించిన ఆ మామిడిని కొట్టి ఉయ్యాల చేయమన్నాడు. మోడ్‌ని ఆ క్షణమే పీకేయమన్నాడు. ఇకమీదట చెట్ల గురించి ఎవరే నియమం రాసినా, రాసినవాడు ఆ నియమంతోనే తన చేత్తో ఒక చెట్టు పెంచాలనీ, అంతసేపూ పైడమ్మ అతని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని చూడాలనీ శాసించాడు. ఆ కుర్చీ రాజుగారి బహుమానం.