పొగమంచు అడిగిన ప్రశ్న

దక్షిణ చైనా తీరంలో ఒక చిన్న అఖాతం ఉంది. దాని ఒడ్డున సముద్రదేవత గుడి. వసంతకాలపు ఉదయాల్లో పొగమంచు ఆ గుడి మెట్ల దాకా వస్తుంది, వెనక్కి పోతుంది, మళ్ళీ వస్తుంది. సముద్రపు దొంగల కంట ఊరు పడకుండా అమ్మవారు వేసిన తెర అది అని అందరూ చెబుతారు. నమ్మడం కష్టం. తెర వేసినవారు దాన్ని మాటిమాటికీ తీస్తారా? పైగా ఆ దొంగలు దణ్ణం పెట్టుకునేదీ ఆ అమ్మవారికే. జరిగింది వేరు.

ఒకప్పుడు పొగమంచు ఎక్కడా ఆగేది కాదు. సముద్రం మీద లేచి, అఖాతం దాటి, తిన్నగా కొండెక్కేది. ఒక ఉదయం కొండ, "త్వరగా పైకి రా, నా తేయాకు మొక్కలు వాడిపోతున్నాయి" అని పిలిచింది. సరిగ్గా అప్పుడే సముద్రం, "ఎక్కడికి తిరుగుళ్ళు? ఇంటికి రా" అని పిలిచింది.

పొగమంచుకు ఏమీ తోచలేదు. అఖాతం మధ్యలో నిలబడిపోయింది.

గుడి మెట్ల మీద నుంచి సౌలాన్ అనే జాలరి స్త్రీ కేకేసింది. "ఓ మంచూ! దారిలోంచి తప్పుకో! మా అక్క పడవ అక్కడ రాళ్ళ మధ్య ఉంది. ఒడ్డు కనబడకపోతే బద్దలైపోతుంది!"

"తప్పుకుంటాను తల్లీ. కానీ ఎటు తప్పుకోను?"

"నన్నడిగితే? అమ్మవారినే అడుగు."

అమ్మవారిని అడగడానికి అక్కడొక పద్ధతి ఉంది. నెలవంకలా చెక్కిన రెండు చెక్కముక్కలను నేల మీద వేస్తారు. వాటికి ఒకవైపు చదును, ఒకవైపు గుండ్రం. ఒకటి చదునుగా, ఒకటి గుండ్రంగా పైకి కనబడితే "అవును". రెండూ గుండ్రమైతే "కాదు". రెండూ చదునైతే అమ్మవారు నవ్వినట్టు, మళ్ళీ అడగాలి.

"నేను కొండకు వెళ్ళాలా?" అంది పొగమంచు. సౌలాన్ ముక్కలు వేసింది.

"ఏం పడింది? ఏం పడింది?" అంటూ పొగమంచు ఆత్రంగా వంగింది. అంతే, ముక్కలు మాయం. మెట్లు మాయం. సౌలాన్‌కు తన చేతులే కనబడలేదు.

"మీద పడితే ఏం కనబడుతుంది? వెనక్కి జరుగు! ఇంకా, ఇంకా!"

అది రాళ్ళు కూడా దాటి జరిగింది. "ఇప్పుడు మరీ దూరమైంది. నువ్వే చెప్పు!"

సౌలాన్ చూసింది. రెండూ చదునే.

"అమ్మవారు నవ్వింది!"

"ఎందుకు నవ్వింది?"

సౌలాన్ తలెత్తి చూసింది. అఖాతమంతా తేటగా ఉంది. రాళ్ళ మధ్య అక్క పడవ కనబడుతోంది.

"అక్కా! ఇటు! ఇప్పుడే!"

అక్క తెడ్డు వేసింది. పడవ ఒడ్డుకు తగిలింది.

"ఎవరితోనే ఆ అరుపులు?" అంది అక్క, రొప్పుతూ.

"ఈ మంచుతో. ఎటు పోవాలో దానికి తెలియదట."

"ఇంకా బయట ఎన్ని పడవలున్నాయో! తెలియకపోవడమే మేలు. అడగనియ్యి."

అంతలో పొగమంచు మళ్ళీ మెట్ల దగ్గరికొచ్చింది. "ఇంతకీ నేను కొండకు వెళ్ళాలా?"

"అమ్మవారు నవ్విందిగా. మళ్ళీ అడుగు," అంది సౌలాన్.

అప్పటినుంచే ఆ పొగమంచు వంగి చూస్తోంది, ఏమీ కనబడక వెనక్కి జరుగుతోంది. అది జరిగినంతసేపట్లో పడవలు ఒడ్డు చేరుతున్నాయి.

ఇక తెర సంగతి. దొంగల ఓడ ఆ అఖాతానికి మొదటిసారి వచ్చింది 1809లో. గుడి రాతిస్తంభం మీద 1741లోనే ఇలా చెక్కి ఉంది: "మంచు వచ్చింది, వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. పడవలన్నీ చేరాయి."