కాకుల బోర్డు ముందు

ఒక ఆసామికి జొన్నచేను ఉంది. కంకులు పాలు పోసుకుంటున్నాయి, కాపలాకు దిష్టిబొమ్మ కావలసి వచ్చింది. ఆసామి పద్ధతి గల మనిషి. ఎవరో ఒకర్ని తెచ్చి పాతేస్తే నలుగురూ ఏమనుకుంటారని ఇంటర్వ్యూ పెట్టాడు. కాకుల్ని బెదిరించే పనిలో మంచిచెడ్డలు కాకులకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తాయని, మూడు కాకుల్ని పిలిచి బోర్డుగా కూర్చోబెట్టాడు.

ఉద్యోగానికి ఒక కుర్ర దిష్టిబొమ్మ వచ్చాడు. మసిబారిన కుండ తల, సున్నంతో దిద్దిన గుడ్ల కళ్ళు, ఈ చెంప నుంచి ఆ చెంప దాకా పళ్ళు, బార్లా చాపిన చేతులు. పట్టపగలు చూసినా జడుసుకోవాలి. పాపం, అదే అతని కొంప ముంచింది. లోపలికి వచ్చి "నమస్కారమండి" అనేలోపే బోర్డంతా లేచిపోయి తుమ్మచెట్టు మీద వాలింది. ప్రశ్నలు అడగలేదు కాబట్టి మార్కులు వెయ్యడం కుదరలేదు. మార్కులు లేవు కాబట్టి ఉద్యోగం లేదు.

"వచ్చే వారం మళ్ళీ రా. అప్పుడూ ఇలాగే అయితే నీ గడ్డి విప్పి గేదెకు వేస్తాను" అన్నాడు ఆసామి. అన్నాడంటే చేసే రకమే.

కుర్రవాడు వెంటనే పక్కచేలో ఏళ్ళ తరబడి ఉద్యోగం చేస్తున్న ముసలి దిష్టిబొమ్మ దగ్గరికి పరిగెత్తాడు. ఆయన జేబులో ఒక పిచ్చుక కాపురం పెట్టి, పిల్లల్ని కూడా కన్నది.

"బాబాయ్, నాలో లోపమేంటి?"

"భయంకరంగా ఉన్నావురా అబ్బాయ్."

"ఉద్యోగమే అది కదా?"

"ఉద్యోగం చేలో. ఇంటర్వ్యూ కాకుల దగ్గర. రెండూ కలిపి బుర్ర పాడుచేసుకోకు" అని ముసలాయన అప్పటికప్పుడే పాఠం మొదలుపెట్టాడు.

ముందు తడిగుడ్డతో పళ్ళన్నీ తుడిచేసి, సున్నంతో సన్నటి చిరునవ్వు గీశాడు. బార్లా చాపిన చేతులు పొగరుగా కనిపిస్తాయని మడిపించి కట్టించాడు. గాలికి చొక్కా ఎగిరితే క్రమశిక్షణ లేదంటారని గుండీలన్నీ పెట్టించాడు. ఆ తర్వాత ప్రశ్నలూ జవాబులూ వల్లె వేయించాడు. వారమంతా కుర్రవాడికి కంటిమీద కునుకు లేదు. చేలో గట్టు మీద నడుస్తూ కూడా "నా బలహీనత ఏమిటంటే అతిగా కష్టపడటమండి, అతిగా కష్టపడటమండి" అని గొణుక్కుంటూ తిరిగాడు.

ఇంటర్వ్యూ రోజు బోర్డు ఎగిరిపోలేదు. అదే సగం గెలుపు.

"ఈ ఉద్యోగంలోకి ఎందుకు రావాలనుకుంటున్నారు?" అడిగింది పెద్దకాకి.

"పక్షుల మధ్య పనిచెయ్యడం నాకు చిన్నప్పట్నించీ ఇష్టమండి."

"భయం మీద మీ అభిప్రాయం?" అంది రెండో కాకి.

"అవతలివాళ్ళ వీలు చూసుకుని పెట్టాలండి."

కాకులు రెండూ ఒకదాన్నొకటి చూసుకుని తల ఊపాయి. అంతవరకూ కునుకుతున్న మూడో కాకి ఒక కన్ను తెరిచి, "ఏ ఊరు బాబూ మనది?" అని అడిగి, జవాబు వినకుండానే మళ్ళీ మూసుకుంది.

"చివరగా, మమ్మల్ని ఒకసారి బెదిరించి చూపించండి" అంది పెద్దకాకి.

అసలు విద్య కుర్రవాడికి వచ్చు. చేతులు ఒక్కసారి విదిలిస్తే చాలు, బోర్డు మళ్ళీ తుమ్మచెట్టు మీదే. ఆ వెనకే గేదె కళ్ళముందు మెదిలింది. చేతులు ఇంకా దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి, "హుష్... అండి" అన్నాడు.

"అమ్మో! గుండె ఆగినంత పనైంది!" అంది పెద్దకాకి, రెక్కతో రొమ్ము పట్టుకుని. ఉద్యోగం వచ్చేసింది. కుర్రవాడు ఆనందంతో ఏడ్చాడు.

చేను మధ్య నిలబెట్టారు. కాకులు పొద్దున్నే వచ్చి కుశలం అడిగి, భుజాల మీద కాసేపు కూర్చుని, పనిలోకి దిగేవి. కంకులు ఒక్కొక్కటే ఖాళీ అవుతుంటే అతని కడుపు రగిలిపోయేది. అయినా పైకి నవ్వుతూనే ఉండేవాడు. ఆ నవ్వు సున్నంతో గీసింది మరి.

ఒక మధ్యాహ్నం సుడిగాలి లేచింది. గుండీలు పటపట తెగాయి, కట్లు ఊడాయి, చేతులు రెండూ బార్లా విచ్చుకుని గిరగిరా తిరిగాయి, కుండలోంచి హోరుమని చప్పుడు వచ్చింది. తూర్పు మూల కంకులు తింటున్న కాకులు ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయాయి. ఆ క్షణంలో అతనికి ఎంత హాయిగా ఉందో చెప్పలేం. పుట్టింది ఇందుకే అనిపించింది.

సాయంత్రం బోర్డు వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఇదేం ప్రవర్తన? ఇంకోసారి జరిగితే ఆసామితో చెప్పి తీసేయిస్తాం" అంది పెద్దకాకి.

"గాలి వల్లండి, తప్పయిపోయిందండి" అని కాళ్ళావేళ్ళా పడ్డాడు. మళ్ళీ కట్లు బిగించుకున్నాడు. కాకులు ఆ తూర్పు మూలకు మాత్రం తర్వాతెప్పుడూ వెళ్ళలేదు.

కోతల నాటికి ఆసామి చేలోకి వచ్చాడు. చేనంతా ఒట్టి చొప్ప. నెత్తి బాదుకుంటూ తూర్పు మూలకు వెళ్ళేసరికి, అక్కడ కంకులు బరువుకు తలలు వాల్చి నిండుగా ఉన్నాయి. ఆసామికి ప్రాణం లేచివచ్చింది.

"ఈ మూల కాపలా కాసిందెవరు?" అని కేకేశాడు. "వాడెవడో నాకు కావాలి! వచ్చే పంటకు చేనంతా వాడి చేతిలో పెడతాను. వాడు ఉన్నంతకాలం వాడి ఒంటిమీద గడ్డిపరక ముట్టుకోను."

నేనే అన్న మాట దిష్టిబొమ్మ నోటిదాకా వచ్చింది. అతని కుడి భుజం మీద పెద్దకాకి కూర్చుని ఉంది. ఎడమ భుజం మీద రెండోది. మూడోది కూడా, ఎందుకో, ఆ రోజు రెండు కళ్ళూ తెరుచుకుని చూస్తోంది.

"ఎవరో గానీ, నేను మాత్రం కాదండి" అన్నాడు దిష్టిబొమ్మ.

ఆసామి జాలిగా అతని చొక్కా సర్దాడు. "నువ్వు కాదని నాకు తెలుసులేవయ్యా. ముఖం చూస్తే తెలియడం లేదూ" అన్నాడు. అని, ఆ మొనగాడెవడో వెతికి ఇంటర్వ్యూకు పిలిపించమని కాకులకు పురమాయించాడు.

"తప్పకుండానండి" అంది పెద్దకాకి, భుజం మీద నుంచి కదలకుండానే.