దారిలో ఆరిన చీర

మాణిక్యాంబను ప్రశ్న అడగాలంటే శిష్యులకు కాస్త జంకు. వేదాంతం అడిగినవాళ్లచేత పొయ్యి ఊదించే మనిషి ఆవిడ. జవాబు చెప్పిందో, చాకిరీ చేయించుకుందో తేలక జుట్టు పీక్కున్నవాళ్లే ఎక్కువ.

నల్లమల అడవిలో శిష్యులంతా కలిసి కొండమీది గుడికి నడిచిపోతున్నప్పుడు హైమవతికీ అదే జరిగింది. తల్లి పోయిన కబురును దహనం అయిపోయాక గాని పంపలేదు ఆమె అక్క. ఇంట్లో పెత్తనం చేసేవాళ్లకు అలాంటి చిన్న పనులకు తీరిక ఉండదు మరి. ఆ అక్కే ఇప్పుడు మంచం పట్టి, ఒక్కసారి వచ్చిపొమ్మని కబురు పెట్టింది. అక్క ఊరికి పోయే దారి ముందున్న చీలిక దగ్గరే విడిపోతుంది.

"అమ్మా, కోపం పూర్తిగా పోయాక వెళ్లనా, ఇలాగే వెళ్లనా?" అని అడిగింది హైమవతి. "లోపల కుతకుతలాడుతూ పైకి నవ్వడం నా వల్ల కాదు. పోయేదాకా ఆగుదామంటే అక్క ఉంటుందో ఉండదో."

"ముందు నీ గుడ్డల సంగతి చూడు," అంది మాణిక్యాంబ.

గుడ్డల సంగతి అధ్వానంగానే ఉంది. రాత్రి వానకు టార్పాలిన్ గుడారం కురిసి, హైమవతి ఒంటిమీది చీరా మూటలోదీ కూడా ముద్దయిపోయాయి. ప్లాస్టిక్ సంచిలో దాచిన మాణిక్యాంబ చీరే పొడిగా మిగిలితే అదే కట్టుకుంది. తన రెంటిలో పలచని చీరను గుడారంలో ఆరేస్తే గాలాడక అలాగే ఉండిపోయింది. నిప్పుల దగ్గర పట్టుకుంటే కొంగు కాలి చిల్లు పడింది.

"ఎండొచ్చి ఇది ఆరేదాకా నేనిక్కడే కూర్చుంటా," అంది విసుగ్గా.

"కూర్చో. నీ చీరమీద జాలిపడి సూర్యుడు పరిగెత్తుకొస్తాడు." అంటూనే మాణిక్యాంబ ఆ చీర ఒక కొస తను పట్టుకుని, రెండో కొస ఆమె చేతికిచ్చి నడక మొదలెట్టింది.

ముందు ముసలావిడ, వెనక హైమవతి, మధ్యలో తడిచీర. ముందావిడ తొందరపడితే లాగుతుంది, వెనకావిడ తొందరపడితే బురదలో జీరాడుతుంది. అడిగినదానికీ దీనికీ ఏం సంబంధమో ఎంత ఆలోచించినా హైమవతికి అంతుపట్టలేదు. చీలిక దగ్గరపడేకొద్దీ ఆమె అడుగు వెనకబడి, చీర బిగుసుకుంది.

ఎదురొచ్చిన గొర్రెల కాపరి ఆగి చూశాడు. "ఏందమ్మా, కొండమీద చేపలు పడతాండారా?"

"ఒకటి పడింది నాయనా. వెనక గిలగిల్లాడుతోంది చూడు," అంది మాణిక్యాంబ.

చీలిక వచ్చేసింది. తక్కినవాళ్లు అప్పుడే కొండదారి పట్టారు.

"నా చీర నాకిచ్చెయ్. నేను పైకి పోవాలి," అంది మాణిక్యాంబ.

హైమవతి తన చీరను బారెడు బారెడు తడిమి చూసుకుంది. కొంగు ఆరింది. నడుం దగ్గర ఆరింది. అంచు పొడవునా మాత్రం చెమ్మ అలాగే ఉంది.

"ఇంకా పూర్తిగా ఆరలేదమ్మా," అంది.

మాణిక్యాంబ తన చీరకోసం చెయ్యి చాపింది. హైమవతి బండచాటుకు వెళ్లి చీర మార్చుకుంది. చీలమండలకు చల్లగా తగిలి ఒళ్లు జలదరించింది. అరువు చీర మడతపెట్టి ఇచ్చి, ఇంకేమైనా చెబుతుందేమోనని నిలబడింది. మాణిక్యాంబ చీర చంకన పెట్టుకుని కొండదారి ఎక్కసాగింది. వెంట రమ్మనలేదు. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే అంది:

"నడువు. మిగతాది ఒంటిమీదే ఆరుతుంది."