కట్టు తెంచుకునే ఆవు

రండర్రా, ఆ అరుగు చివర నిలబడకండి. దగ్గరికి జరిగి కూర్చోండి. గుసగుసలు చాలించి వినండి.

ఒకానొక రాజ్యంలో గజకేతుడనే రాజుండేవాడు. ఆయనకు జలక్రీడల మీద మోజు పుట్టింది. మణిమాల నదికి అడ్డంగా గట్టు వేయించి, నీళ్లన్నీ కోట పక్క సరస్సుకు మళ్లించమన్నాడు. "నది నాది. గట్టు మాట సభలో ఎత్తినవాడి తల తీయిస్తాను" అని దండోరా వేయించాడు.

దిగువన పల్లెల్లో నారుమళ్లు నెర్రెలిచ్చాయి. పడవలు ఇసుకలో కూరుకుపోయాయి. జాలర్ల వలలు దండేల మీదే ఎండాయి. పసిపిల్లలకు తాగునీళ్లు లేవు. ఇంకో పూట గడిస్తే నారు చచ్చిపోతుంది.

అప్పుడు ఆస్థానకవి మల్లరసు లేచాడు.

"ప్రభూ, ఒక తగవు తీర్చాలి. ఒక ఆసామికి ఆవుంది. ఏటా వానల్లో కట్టు తెంచుకుని పల్లెవాళ్ల చేలు తొక్కుతుంది, గుడిసెలు కూలుస్తుంది. వాళ్లు ఓర్చుకుని, దాని పాలతోనే బతుకుతున్నారు. ఇప్పుడు ఆసామి పాలన్నీ తనవే అంటున్నాడు."

"ఆవు చేలు తొక్కుతుంటే వాడెక్కడున్నాడు?"

"మేడ మీద, ప్రభూ."

"సిగ్గులేనివాడు! నష్టం వాళ్లకీ, పాలు వీడికీనా? పాలు పల్లెవాళ్లవే. ఇది నా తీర్పు. వాడికి నడివీధిలో కొరడా దెబ్బలు! పేరేమిటి?"

మల్లరసు సభ నలువైపులా కలయజూశాడు.

"చెప్పవేం?"

"కొరడా ఎత్తే చెయ్యి ఎవరిదా అని చూస్తున్నాను, ప్రభూ. ఆవు పేరు మాత్రం మణిమాల."

రాజు ముఖం జేవురించింది. చెయ్యి కత్తి పిడి మీదికి వెళ్లింది. మంత్రి కళ్లు మూసుకున్నాడు.

"నిన్నిప్పుడే నరికించగలను, మల్లరసూ."

"నరికించండి. గట్టు మాట మాత్రం నేనెత్తలేదు. ఏటా మణిమాల వరదకు ఇళ్లు పోగొట్టుకుంటున్నది దిగువ పల్లెవాళ్లు. అది వదిలిన ఒండ్రుమట్టి, చేపలు, నీళ్లు వాళ్లవేనని తమరే సెలవిచ్చారు. ఇంతమంది విన్నారు."

ఉన్నట్టుండి రాజు పెదవి వణికింది. కోపమనుకున్నారంతా. కాదు, నవ్వు! పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నా నోటితోనే నన్ను తిట్టించావు కదయ్యా!" అంటూ మెడలోని ముత్యాలహారం తీశాడు.

"హారం తరవాత, ప్రభూ. ముందు పలుగులు పంపండి. నారుకు ముత్యాలు పోస్తే బతకదు."

రాజు మళ్లీ నవ్వి, పలుగులతో మనుషుల్ని పరుగెత్తించాడు. పొద్దు వాలకముందే గట్టు తెగింది. నీళ్లొస్తుంటే పల్లెవాళ్లు కాలవల వెంట పరుగులు తీశారు.

ఇక లేవండర్రా. అన్నాలు చల్లారిపోతాయి. గంజి వార్చిన చేత్తోనే మీ అమ్మలు చెవులు మెలిపెట్టేలోపు ఇళ్లకు పొండి.