బెండు పురుగు

సుంకన్నకు పొద్దుటినుంచి గొంతు తడారిపోతూనే ఉంది. ఎన్ని నీళ్ళు తాగినా అంతే. పొద్దు వాలేలోగా అతను మద్దమ్మ ఇంటికి వెళ్ళాలి. వెళ్ళి నాలుగు మాటలు చెప్పాలి.

మద్దమ్మ కొడుకు జ్వరంతో పోయాడు. ఎదిగొచ్చిన పిల్లవాడు. ఆ రోజుకు మూడోనాడు, చిన్నదినం. ఓబులప్ప సామి శిష్యుల ఇళ్ళలో ఒక ఆచారం ఉంది. చిన్నదినం నాడు సామి వచ్చి, వాకిట్లో కూర్చుని మాట్లాడాకే ఆ ఇంట్లో పొయ్యి రాజేస్తారు. అంతవరకు ఇరుగుపొరుగు తెచ్చిందే తిండి. మద్దమ్మ అదీ ముట్టలేదు. కొడుకు పోయినప్పటినుంచి ఆమె నోట్లోకి మెతుకు పోలేదు, నోట్లోంచి మాట రాలేదు.

ఓబులప్ప సామికేమో గొంతు పోయింది. బెస్తవాడు, పెన్న ఒడ్డునే పుట్టి పెరిగినవాడు, ముసలితనంలో కూడా చన్నీళ్ళ స్నానం మానడు. ఇప్పుడు గుసగుసకు మించి మాట పెగలడం లేదు. అందుకని, "నువ్వు పోయిరా" అన్నాడు తన దగ్గరే ఉండే శిష్యుడు సుంకన్నతో.

సుంకన్న తెలివిగలవాడే. సామి ఇలాంటి ఇళ్ళలో ఏం చెబుతాడో అతనికి అక్షరం పొల్లుపోకుండా వచ్చు. ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ కళ్ళు మూసుకుంటాడో వచ్చు. చివరికి "ఈ దేహం" అనే ముందు సామి దగ్గే చిన్న దగ్గు కూడా నేర్చుకున్నాడు. అది ముసలాయన ఛాతీలోని కఫమని ఎందుకో అతనికి తట్టలేదు. కొట్టంలో ఎనుముల ముందు నిలబడి మొత్తం ఒప్పజెప్పి చూసుకున్నాడు. అవి నెమరు ఆపకుండా విన్నాయి.

కానీ మద్దమ్మ ముఖం గుర్తొస్తే చాలు, చేతులు వణుకుతున్నాయి. గొంతు కూడా వణుకుతోంది.

"నాకు నిలకడ లేదు సామీ. ఆమె ముందర ఇట్లా వణికితే ఏం బాగుంటాది? మీ పేరు పోతాది. ఇంత విబూదన్నా పెట్టండి."

సామి విబూది పెట్టలేదు. చూరులోంచి గాలపు కర్ర లాగి బయటికి నడిచాడు.

"యాడికి సామీ? పొద్దు దిగుతాంది!"

సామి వెనక్కి తిరగలేదు. సుంకన్న ఏడుపొక్కటే తక్కువగా వెంట నడిచాడు.

ఏటి మడుగు పక్కన ఆముదపు చెట్టుంది. దాని ఆకు తిరగేసి సామి ఒక లద్దెపురుగును పట్టాడు. పచ్చగా, మెత్తగా, వేలెడు ఉంది. దాన్ని గాలానికి గుచ్చి నీళ్ళమీద వదిలాడు. అది మెలికలు తిరిగింది. చెట్టు నీడలోంచి కొర్రమీను వచ్చి గుటుక్కున మింగేసింది. సామి చేపను లాగి గడ్డిలో వేశాడు.

రెండో పురుగు కోసం సుంకన్నే వెతికాడు, పని తొందరగా ముగుస్తుందని. ఆకులన్నీ జల్లెడలా తూట్లు పడి ఉన్నాయి గానీ, పురుగు మాత్రం ఒక్కటీ దొరకలేదు.

సామి నడుముకున్న సంచిలోంచి ఒక ఉత్తుత్తి పురుగు తీశాడు. బెండుముక్కకు పచ్చనూలు చుట్టి, తలకు కోడి ఈక కట్టి, తనే చేసుకున్నది. నిజం చెప్పాలంటే అసలు పురుగుకంటే అదే బాగుంది. దాన్ని గాలానికి తగిలించి కర్ర సుంకన్న చేతికిచ్చాడు.

కర్ర కొస ఊగిపోతోంది. సుంకన్నకు సిగ్గేసింది. రెండు చేతులా బిగించి, మోచేతులు డొక్కలకు నొక్కి, ఊపిరి కూడా బిగబట్టాడు. కర్ర నిలిచింది. నీళ్ళమీద పురుగూ నిలిచింది. ఇంకో కొర్రమీను పైకొచ్చింది. పురుగు కిందే కాసేపు ఉండి, చూసి, తిరిగి లోపలికి పోయింది.

మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. పొద్దు అవతలి ఒడ్డు తుమ్మలమీదికి దిగింది.

"నేను పోవల్ల సామీ. ఆయమ్మ ఆకలితో ఉంటాది," అన్నాడు సుంకన్న. ఆ మాట అంటుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సామి అతని ఎడమచేతిని కర్రమీద నుంచి తీసేశాడు. కుడి మోచేతిని డొక్క నుంచి పక్కకు లాగాడు.

కర్ర వణికింది. దారం వణికింది. నీళ్ళమీద బెండు పురుగు ప్రాణమొచ్చినట్టు కదిలింది. అంతలో నీళ్ళు భళ్ళుమన్నాయి. కర్ర చేతిలోంచి జారిపోబోతే సుంకన్న ఎగిరి పట్టుకున్నాడు.

సామి వంగి అతని చెవిలో గుసగుసలాడాడు.

"బెండు నాది. వణుకు నీది. పో ఇంక."

సుంకన్న వెళ్ళేసరికి మద్దమ్మ వాకిట్లో జనం చాపలమీద కూర్చుని ఎదురుచూస్తున్నారు. ఆమె గోడకు ఆనుకుని నేలను చూస్తోంది. సుంకన్న ఎదురుగా కూర్చుని "ఈ దేహం" అనబోయాడు. దగ్గు రాలేదు. మాటా రాలేదు. మోకాళ్ళమీద చేతులు వణుకుతూనే ఉన్నాయి. వాటిని దాచుకోలేదు.

"అమ్మా," అన్నాడు. ఆ ఒక్క మాటా మధ్యలోనే విరిగింది. "సామి చెప్పేవన్నీ నేర్చుకోని వచ్చినా. నిన్ను చూసినాక ఒక్కటీ చెప్పబుద్ధి కాలేదమ్మా. నాకు భయంగా ఉండాది."

పెద్దవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మద్దమ్మ తలెత్తింది. అతని చేతులవంక చూసింది. ఎండిపోయిన పెదాలవంక చూసింది.

"పొద్దున్నుంచి ఏమన్నా తిన్యావా నాయనా?" అంది.

సుంకన్న లేదన్నట్టు తల ఊపాడు.

మద్దమ్మ గోడ పట్టుకుని లేచి, పొయ్యి దగ్గరికి నడిచింది.